పెట్టెలో 12 మంది ఉన్నారు, లైన్‌మన్ లేడు

నాలుగేళ్ల మనవరాలి కోసం కొన్న ఆట పెట్టె ఇది. మూత మీద మన చుట్టూ పనిచేసేవాళ్లు అని రాసి ఉంది. లోపల 12 చెక్క బొమ్మలు, 24 కార్డులు, ఓ చెత్త బండి, ఓ స్టెతస్కోపు. ఒక కార్డు మీద మనిషి, ఇంకోదాని మీద ఆ మనిషి పనిముట్టు. జత కలపాలి. రెండు నెలలుగా రోజూ ఆడుతున్నాం.

చెక్క నున్నగా ఉంది, రంగు ఊడలేదు. కార్డుల అంచులు మాత్రం రెండో వారానికే పొరలు లేచాయి.

మొదటి సాయంత్రమే పిల్ల జతలన్నీ కలిపేసింది. నేను మురిసిపోయి, "మరి ఫైరింజన్ మామయ్య ఏం చేస్తాడు?" అని అడిగాను. "ఎర్రటోపీ పెట్టుకుంటాడు" అంది. ఈ ఆటతో ఇదే చిక్కు. టోపీలు నేర్పుతుంది, పనులు నేర్పదు. కార్డుల వెనక వైపంతా తెల్లగా ఖాళీ. అక్కడ రెండు ముక్కలు రాసి ఉంటే చదివి వినిపించేవాళ్లం కదా!

చెత్త బండి మాత్రం భేష్. పక్కనున్న పిడి నొక్కితే వెనక తొట్టి లేచి, లోపలిదంతా జారిపోతుంది. ఇప్పుడు ఇంట్లో చించిన కాగితాలు, అరటి తొక్కలు అన్నీ అందులోకే. తొక్కలు వద్దని వాళ్లమ్మ రోజూ తగువు.

స్టెతస్కోపు శుద్ధ దండగ. గొట్టం లోపల బోలుగా లేదు, చప్పుడు ఎలా వినిపిస్తుంది? దాన్ని పక్కన పడేసి, దళసరి కాగితం చుట్టి ఒక కొస నా ఛాతీకి ఆనించాను. 1816లో లెనెక్ అనే ఫ్రెంచి డాక్టరు మొదట చేసిందీ ఇదే, కాగితం చుట్టడం. పిల్ల రెండో కొసకు చెవి పెట్టి, "తాతయ్యా, లోపల ఎవరో తలుపు కొడుతున్నారు!" అంది.

ఓ రోజు కార్డులన్నీ నేల మీద పరిచి, "ఇందులో నువ్వెక్కడ తాతయ్యా?" అంది. 31 ఏళ్లు స్తంభాలెక్కినవాణ్ని. పోలీసు ఉన్నాడు, పైలట్ కూడా ఉన్నాడు (వాడు రోజూ మన కళ్లబడతాడా ఏమిటి?), లైన్‌మన్ లేడు. అట్టముక్క కత్తిరించి పదమూడోవాణ్ని నేనే చేశాను. నడుముకు బెల్టు, చేతులకు రబ్బరు గ్లవ్స్ గీశాను. కానీ అసలు పని గ్లవ్స్‌తో మొదలవదు. ముందు లైన్ క్లియర్ తీసుకోవాలి, అంటే సరఫరా ఆపించాలి. ఆపామన్న మాట నమ్మి ఊరుకోకుండా టెస్టరు పెట్టి చూసుకోవాలి. ఆపైన తీగలకు ఎర్త్ కట్టి, అప్పుడు చెయ్యి వెయ్యాలి. ఈ వరస పిల్లకు ఒక్క పూటలో వచ్చేసింది. జత కలపడం కంటే ఇదే బాగుందట.

ఒక జాగ్రత్త. పోస్ట్‌మ్యాన్ సంచిలోని చెక్క ఉత్తరాలు మరీ చిన్నవి. టాయిలెట్ పేపరు చుట్ట మధ్యలోని అట్ట గొట్టంలో వేసి చూశాను, మూడూ ఇవతలికి వచ్చేశాయి. అలా దూరిపోయేది మూడేళ్ల లోపు పిల్లల గొంతులోనూ ఇరుక్కోవచ్చు. చిన్న మనవడు ఇంకా పాకుతున్నాడు, అందుకని వాటిని బీరువా మీద పెట్టేశాను.

ఐదుకి మూడిస్తాను. అందులో రెండు చెత్త బండికే.