‘తేడా కట్టుకుంటే చాలు సార్’ అంటే నమ్మకండి: రూమ్ రెంట్ పేరుతో క్లెయిమ్‌లో లక్ష కోత

హెల్త్ పాలసీ ఉన్నవాళ్లు, ముఖ్యంగా 3 లక్షలు, 5 లక్షల పాత పాలసీలను ఏటా రెన్యువల్ చేయించుకుంటూ వస్తున్నవాళ్లు ఇది తప్పకుండా చదవండి. కంపెనీ పేరు, ఆస్పత్రి పేరు రాయడం లేదు. ఇది ఒక్క చోట జరిగేది కాదు.

మా అక్కకి గర్భసంచి ఆపరేషన్. పాలసీ 5 లక్షలు, రూమ్ రెంట్ లిమిట్ అందులో 1 శాతం, అంటే రోజుకి 5 వేలు. షేరింగ్ రూములు ఖాళీ లేవని 8 వేల సింగిల్ రూమ్ ఇచ్చారు. "మీ లిమిట్ పోను రోజుకి 3 వేలు కట్టుకుంటే చాలు సార్" అంది ఇన్సూరెన్స్ డెస్క్‌లో అమ్మాయి. బావ ఏజెంటుకి ఫోన్ చేస్తే ఆయనా అదే పాట. 4 రోజులకి 12 వేలేగా అని బావ సంతకం పెట్టాడు.

డిశ్చార్జ్ రోజు టీపీఏ (ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థ) నుంచి ఫైనల్ అప్రూవల్ వచ్చింది. అందులో ‘ప్రపోర్షనేట్ డిడక్షన్’, అంటే దామాషా కోత, అని ఒక వరుస. 8 వేల రూములో 5 వేలకే అర్హత కాబట్టి మిగతా బిల్లు కూడా ఎనిమిదింట ఐదు వంతులే ఇస్తారట! సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ కలిపి 1,60,000 అయితే అందులో 60 వేలు కోత. మందులు, ల్యాబ్ టెస్టులు 80 వేలు, అక్కడా 30 వేలు. రూమ్ తేడా 12 వేలు సరేసరి. మొత్తం 1,02,000. కట్టందే పేషెంటును పంపరు కదా, బావ అప్పటికప్పుడు క్రెడిట్ కార్డు గీకాడు.

అసలు సంగతి ఇక్కడే ఉంది. మందులు, సర్జికల్ సామాను, ఇంప్లాంట్లు, టెస్టుల మీద ఈ దామాషా కోత వెయ్యకూడదని బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2020లోనే చెప్పింది. ఐసీయూ ఛార్జీల మీదా వెయ్యకూడదు. అయినా వేశారు. అడిగేవాడు లేకపోతే అంతే సంగతులు! ఆ నిబంధన రాసి, బిల్లులో ఏ వరుసలో ఎంత కోశారో పట్టిక వేసి కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టాం. మొదట "పాలసీ కండిషన్స్ ప్రకారమే" అని ఏక వాక్యం జవాబు. మళ్లీ పెడితే 30 వేలు అకౌంట్లో పడ్డాయి, సారీ కూడా లేకుండా.

కాబట్టి ఈ రాత్రికే మీ పాలసీ తీసి రూమ్ రెంట్ లిమిట్ చూసుకోండి. రెన్యువల్ దగ్గర పడితే ఆ లిమిట్ లేని ప్లాన్ ఎంతకొస్తుందో అడగండి. అడ్మిట్ అయ్యేటప్పుడు "తేడా ఒక్క రూముకేనా, బిల్లంతటికీనా?" అని టీపీఏని మెయిల్‌లో అడగండి. నోటి మాటకి విలువ లేదు. అర్హత ఉన్న రూమ్ ఖాళీ లేదంటే ఆ ముక్క ఆస్పత్రి చేత కాగితం మీద రాయించుకోండి. ఫైనల్ అప్రూవల్ లెటరు, ఐటమ్‌వారీ బిల్లు రెండూ చేతికి రాకుండా బయటికి రాకండి.

కంపెనీ వినకపోతే ఫిర్యాదు చేయడానికి ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్ ఉంది, 155255 నంబరుంది. కంపెనీకి రాసి నెల దాటినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకీ ఆఫీసు హైదరాబాద్‌లోనే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కాకపోతే కంపెనీ కాదన్న ఏడాదిలోపే వెళ్లాలి.

మిగిలిన 60 వేల మీద ఇంకా పోరాడుతున్నాం. రూమును బట్టి సర్జన్ ఫీజు మారని ఆస్పత్రుల్లో ఆ ఫీజు మీదా కోత వెయ్యకూడదు. ఆపరేషన్‌కి షేరింగ్ రూములో ఎంత, సింగిల్‌లో ఎంత అని రేట్ల పట్టిక ఇమ్మని ఆస్పత్రిని అడిగాం. బిల్లింగ్ వాళ్లు మేనేజర్‌ని అడగమంటారు, మేనేజర్ బిల్లింగ్‌కి వెళ్లమంటాడు. పట్టిక మాత్రం ఇంకా చేతికి రాలేదు. ఎవరికైనా ఇలాంటి పట్టిక వచ్చి ఉంటే ఎలా రాబట్టారో చెప్పండి.