‘సైకియాట్రిస్టు గడప తొక్కే పని ఉండదు’ అంటే నమ్మి కొన్నాను, మీరు కొనకండి

ఆరు నెలల ఆన్‌లైన్ కార్యక్రమం, దాంతోపాటు మూడు సీసాల చుక్కల మందు. డబ్బు మొత్తం ముందే కట్టించుకున్నారు. ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులనే వెతికి వెతికి అమ్ముతున్నారు కాబట్టి ఇది రాస్తున్నాను.

నన్ను పడగొట్టింది ఒక అంకె. ఫోనులో దాన్ని అమ్మే ఆవిడ ఎంతో మెత్తగా, “మేడమ్, ఆటిజం పిల్లల్లో నూటికి డెబ్బై మంది చివరికి మానసిక వైద్యశాల పాలవుతారు. మీ పాపకు పదకొండేళ్లేగా, ఇంకా సమయం మించిపోలేదు” అంది. ఆ రాత్రే డబ్బు కట్టేశాను.

ఆ డెబ్బై గాలిలోంచి పుట్టింది కాదని తర్వాత తెలిసింది. 2008లో వెలువడిన ఒక బ్రిటన్ అధ్యయనంలో 10 నుంచి 14 ఏళ్ల ఆటిజం పిల్లలు 112 మందిని పరిశీలిస్తే, 70 శాతం మందిలో కనీసం మరొక మానసిక సమస్య కూడా కనిపించింది. ఎక్కువగా కనిపించినవి నలుగురిలోకి వెళ్లాలంటే భయం, ఏడీహెచ్‌డీ (దేనిమీదా దృష్టి నిలవకపోవడం, అతి చురుకుదనం), పెద్దల మాటకు అదే పనిగా ఎదురు తిరగడం. ఆవిడ ‘వైద్యశాల పాలవుతారు’ అన్నది తన సొంత చేర్పు. 2019లో చాలా అధ్యయనాలను కలిపి లెక్కగడితే ఏడీహెచ్‌డీ సుమారు 28 శాతం, ఆందోళన 20, నిద్ర సమస్యలు 13, కుంగుబాటు 11 శాతంగా తేలాయి. ఆటిజం మానసిక జబ్బు కాదు. అయినా మన పిల్లలకు మానసిక వైద్యుడి అవసరం పడే అవకాశం మిగతా పిల్లలకన్నా ఎక్కువే; ఆ మాట దాచుకుని ప్రయోజనం లేదు. పైన చెప్పిన వాటిలో చాలావాటికి చికిత్స ఉంది. నేను డబ్బిచ్చి కొనుక్కున్నది ఆ చికిత్సను ఆలస్యం చేసే ఏర్పాటు.

రెండో నెలలో పాపకు నిద్ర పట్టడం మానేసింది. దీపం ఆర్పగానే “రేపు బడి ఉందా? అదే టీచరు వస్తారా?” అని మొదలు. జవాబు చెప్పిన నిమిషానికే మళ్లీ అదే ప్రశ్న. ఒక రాత్రి లెక్కపెట్టాను, నలభై దాటాక ఆపేశాను. ఎడమ కనుబొమ వెంట్రుకలు ఒక్కొక్కటే పీకేసుకుని దిండు మీద వరుసగా పేర్చేది. వాళ్లిచ్చిన డైరీలో ఇదంతా రాస్తే, “శుభసూచకం, విషాలు బయటికి పోతున్నాయి” అని బదులొచ్చింది. తగ్గితే మందు గొప్ప, పెరిగితే విషం పోవడం! సీసాలో ఏముందని అడిగితే “మా ప్రత్యేక మిశ్రమం” అన్నారు. రెండు దారులు కలపకూడదంటూ స్పీచ్ థెరపీ మాన్పించారు. మాన్పమన్నది వాళ్లే అయినా మాన్పింది నేనే, అది నా తప్పు.

డబ్బు వెనక్కి అడిగాను. ‘నూటికి నూరు శాతం పాటించినవారికే’ అన్న షరతు చూపించారు. నా డైరీలో రెండు రోజులు ఖాళీ. జ్వరం వచ్చి రాయలేదు. అబద్ధం రాసి నింపినా సరిపోయేదేమో.

చివరికి పిల్లల మానసిక వైద్యురాలి దగ్గరకే వెళ్లాం. ఆవిడ మొదట పాప నోరు తెరిపించి పళ్లు చూశారు, చెవులు చూశారు, మలబద్ధకం ఉందా అని అడిగారు. మాటల్లో చెప్పలేని పిల్లల్లో నొప్పి కూడా ప్రవర్తనగానే బయటపడుతుందట. ఆ తర్వాతే ఆందోళన సమస్య అన్నారు. మందు చీటీ రాయలేదు. భయాన్ని థర్మామీటరులా బొమ్మ గీసి కొలిచే పద్ధతి నేర్పించారు, మర్నాటి పనులు ముందు రోజే బొమ్మలతో గోడకు అంటించమన్నారు.

మందులంటే నాకున్న భయాన్నే ఆ అమ్మేవాళ్లు పట్టుకున్నారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2006లో రిస్పెరిడోన్ అనే మందునూ 2009లో అరిపిప్రజోల్‌నూ అనుమతించింది ఆటిజంతో వచ్చే తీవ్రమైన చిరాకు కోసం, ఆటిజాన్ని పోగొట్టడానికి కాదు. బరువు పెరగడం లాంటి దుష్ప్రభావాలు వాటికీ ఉన్నాయి, డాక్టరు వాటిని ముందే చెబుతారు. నా సీసాల మీద అసలు పదార్థాల పేర్లే లేవు. ‘విషాలు తీసేస్తాం’ అంటూ కీలేషన్ (ఒంట్లోని లోహాలను మందులతో బయటికి లాగే పద్ధతి), క్లోరిన్ డయాక్సైడ్ (బ్లీచింగ్‌కు వాడే రసాయనం) అమ్మేవాళ్ల గురించి అదే సంస్థ హెచ్చరించింది. 2005లో అమెరికాలో ఆటిజం ఉన్న ఐదేళ్ల బాబు కీలేషన్ చేస్తుండగా చనిపోయాడు. నేను ఇంకా తేలిగ్గా బయటపడినట్లే.

ఒక సీసా మూత తీయకుండా దాచాను, ఫిర్యాదుకు పనికొస్తుందని. పోయిన వారం మరో పేరుతో కొత్త ప్రకటన వచ్చింది. అదే గొంతు, అదే డెబ్బై శాతం.