100 ఆంపుల ప్యానెల్ మార్చకుండా గరాజ్‌లో కారు చార్జర్: ఎనిమిది నెలలు వాడాక రాస్తున్నాను

మా ఇల్లు న్యూజెర్సీ ఎడిసన్‌లో, 1958లో కట్టింది. బేస్‌మెంట్ మెట్ల కింద బూడిదరంగు ప్యానెల్, అంటే ఇంటి కరెంటంతా పంచే బ్రేకర్ల పెట్టె. దాని మెయిన్ బ్రేకర్ మీద 100 అంకె, అంటే ఇల్లంతా కలిపి 100 ఆంపులకి మించి లాగకూడదు. కిందటేడు మార్చిలో టెస్లా మోడల్ వై అనే కరెంటు కారు తీసుకున్నాం. మొదటి ఆరు వారాలు గరాజ్‌లో ఉన్న మామూలు ప్లగ్గుకే పెట్టి నెట్టుకొచ్చాను. 120 వోల్టులు, 12 ఆంపులు, గంటకి మూడు మైళ్లు. నా ఉద్యోగానికి రానూపోనూ 54 మైళ్లు. రాత్రంతా పెట్టినా ముప్ఫై మైళ్లు చిల్లర ఎక్కేది. సోమవారం పొద్దున్న 80 శాతంతో బయల్దేరిన కారు శుక్రవారం సాయంత్రం ఇల్లు చేరేసరికి 30 దరిదాపుల్లో ఉండేది. శనివారం బ్రిడ్జ్‌వాటర్ గుడికి వెళ్లాలంటే ముందు బయట ఎక్కడైనా చార్జింగ్‌కి ఆగాల్సొచ్చేది.

సరే, 240 వోల్టుల చార్జర్ పెట్టిద్దామని ఒక కంపెనీని పిలిచాను. వచ్చినతను ప్యానెల్ తలుపు తెరిచి, 100 అన్న అంకె చూసి, "దీనికి చార్జర్ కుదరదు, 200 చేయించాలి" అన్నాడు. ప్యానెల్, బయట మీటరు, స్తంభం నుంచి వచ్చే తీగతో సహా మార్చాలట. చార్జర్ బిగింపుతో కలిపి 6,400 డాలర్లు. నేను రోజుకి ఎన్ని మైళ్లు తిరుగుతానో అడగలేదు, ఇంట్లో పొయ్యి గ్యాసా కరెంటా అడగలేదు. ఇది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. ఎందుకంటే మా వీధిలోనే ఇద్దరు ఈ లెక్కలేవీ చూసుకోకుండానే డబ్బు కట్టేశారు.

నాతో పనిచేసే ఆవిడ చెబితే ఇంకో ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. అరవై దాటిన పెద్దాయన, ఒక్కడే పని చేసుకుంటాడు. ముందు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, ఇల్లు ఎంత కరెంటు లాగుతుందో లెక్క వెయ్యడానికి కాగితం తీశాడు. ఇల్లు 1,600 చదరపు అడుగులు, దీపాలకీ మామూలు ప్లగ్గులకీ అడుగుకి మూడు వాట్ల చొప్పున 4,800. వంటింటి ప్లగ్గులకి 3,000, బట్టలుతికే గది ప్లగ్గుకి 1,500, డ్రైయర్ 5,000, డిష్‌వాషర్ 1,200, గోడలో బిగించిన మైక్రోవేవ్ 1,500. మొత్తం 17,000. అన్నీ ఒకేసారి నిండుగా నడవవు కాబట్టి మొదటి 10,000 పూర్తిగా, మిగిలిన దాంట్లో 40 శాతమే లెక్కలోకి తీసుకోమంటుంది ఇక్కడి ఎలక్ట్రికల్ కోడ్. అలా 12,800 అయింది. ఏసీకి తగ్గింపు లేదు, దాని 4,000 కలిపితే 16,800. 240తో భాగిస్తే 70 ఆంపులు. పొయ్యి, వేడినీళ్లు, ఫర్నేస్ మూడూ గ్యాసు మీదే ఉండటం మాకు కలిసొచ్చింది.

అంటే 30 ఆంపులు ఖాళీ. కారు గంటల తరబడి లాగుతుంది కాబట్టి బ్రేకర్ సామర్థ్యంలో 80 శాతమే వాడుకోవాలి. 30 బ్రేకర్ వేస్తే 24 ఆంపులతో చార్జింగ్. మొదటివాడు మనసులో పెట్టుకున్నది 48 ఆంపుల చార్జింగ్, దానికి 60 బ్రేకర్ కావాలి. అది ఈ ప్యానెల్‌లో నిజంగానే పట్టదు. కానీ నాకు 48 కావాలని ఎవరన్నారు?

కాగితం మీద లెక్క చాలని ఆయన ఊరుకోలేదు. ప్యానెల్ మూత విప్పి, మెయిన్ తీగలకి క్లాంప్ మీటర్ (తీగ చుట్టూ పట్టిస్తే ఎన్ని ఆంపులు పోతున్నాయో చూపేది) తగిలించి, ఇంట్లో ఉన్నవన్నీ వెయ్యమన్నాడు. ఏసీ వేశాను, డ్రైయర్ తిప్పాను, డిష్‌వాషర్, మైక్రోవేవ్. "అత్తయ్యా, గ్రైండర్ కూడా వెయ్యండి" అని పైకి కేకేశాను. "అన్నీ ఒక్కసారే వేస్తే ఫ్యూజు పోదూ?" అంటూనే ఆవిడ ఇడ్లీ పిండి వేసేశారు. మీటర్ మీద అంకె ఎక్కువలో ఎక్కువ 51 ఆంపుల దాకా వెళ్లింది. ఆయన ఆ అంకె నాకు చూపించి, "మీ ఇల్లు ఇంతకు మించి అడగడం అరుదు" అన్నాడు. ఆ ఒక్క నిమిషంతో నా భయం పోయింది.

చార్జర్‌గా టెస్లా వాల్ కనెక్టర్ తీసుకున్నాను. ప్యానెల్ చిన్నదైన ఇళ్లకి దీంట్లో పనికొచ్చే విషయం ఒకటే. బిగించేటప్పుడు ఏ బ్రేకర్ వేశారో అందులో నమోదు చెయ్యాలి, 15 నుంచి 60 దాకా. 30 అని పెడితే ఇక అది 24 ఆంపులకి మించి ఇవ్వదు, కారు ఎంత అడిగినా సరే. స్క్రీన్ ఉండదు, ముందు ఆకుపచ్చ దీపాల వరస మాత్రమే. ఎంత ఎక్కిందో ఫోన్లో చూసుకోవాలి. టెస్లా కానివాళ్లు యూనివర్సల్ అనే రకం తీసుకుంటే వాళ్ల కార్లకి కావలసిన అడాప్టర్ అందులోనే ఉంటుంది.

బిగించడానికి సగం రోజు పట్టింది. ప్యానెల్‌లో ఖాళీ గడి ఒక్కటి కూడా లేదు, చార్జర్‌కేమో పక్కపక్కన రెండు కావాలి. ఆయన తలుపు లోపల అంటించిన కాగితం టార్చి వేసి చదివాడు. ఏ గడుల్లో టాండెమ్ బ్రేకర్లు, అంటే ఒక్క గడిలో రెండు ఇమిడేవి, వెయ్యొచ్చో దాని మీద ఉంటుంది. పడగ్గదుల బ్రేకర్లు నాలుగింటిని రెండు గడుల్లోకి సర్ది చోటు చేశాడు. 30 బ్రేకర్‌కి పది నంబరు రాగి తీగ చాలు, ఆయన మాత్రం పైపులో ఇంకా లావైన ఆరో నంబరు లాగాడు (అంకె తగ్గేకొద్దీ తీగ లావు). రేపు కరెంటుతో ఇల్లు వెచ్చబరిచే హీట్ పంపు పెట్టుకుని ప్యానెల్ మార్చాల్సి వచ్చినా ఈ తీగ కదపక్కర్లేదన్నాడు. చివర్లో ప్రతి స్క్రూనీ టార్క్ స్క్రూడ్రైవర్‌తో బిగించాడు, అంకె చూసుకుంటూ, టిక్కుమని శబ్దం వచ్చేదాకా. వదులుగా ఉన్న చోటే వేడెక్కి కాలుతుంది కాబట్టి ఈ పని దగ్గరుండి చూడండి. ప్లగ్గు, సాకెట్ పద్ధతి కాకుండా నేరుగా తీగ కలిపించుకోవడం కూడా అందుకే.

కూలి, సామాను, టౌన్‌షిప్ పర్మిట్ అన్నీ కలిపి 1,150 డాలర్లు, చార్జర్ ధర వేరు. ఇన్‌స్పెక్టర్ వచ్చి లెక్క కాగితం అడిగి తీసుకున్నాడు, బ్రేకర్ చూశాడు, సెట్టింగ్ చూశాడు, పాస్ చేశాడు.

ఇక వాడకం. 24 ఆంపులంటే 5.76 కిలోవాట్లు, గంటకి ఇరవై మైళ్ల పైచిలుకు. నా 54 మైళ్లు మూడు గంటల్లోపే ఎక్కేస్తాయి. జనవరి చలిలో కారు ఎక్కువ తాగింది, అప్పుడు కూడా నాలుగున్నర గంటలు దాటలేదు. అర్ధరాత్రి మొదలయ్యేలా పెట్టాను, ఆ వేళకి డ్రైయర్, డిష్‌వాషర్ ఆగిపోయి ఉంటాయి. జూలైలో ఏసీ ఆగకుండా నడిచిన రాత్రుల్లో రెండుసార్లు కిందికి దిగి మెయిన్ బ్రేకర్ మీద చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చగా కూడా లేదు. ఎనిమిది నెలల్లో అది ఒక్కసారీ ట్రిప్ అవ్వలేదు.

అందరికీ ఇదే కుదురుతుందని చెప్పను. పొయ్యి, గీజరు, హీటింగ్ అన్నీ కరెంటు మీద ఉన్న ఇంట్లో ఈ లెక్క 100కి ముందే చేరుకుంటుంది. అక్కడ కూడా వెంటనే ప్యానెల్ మార్చక్కర్లేదు. మెయిన్ తీగల మీద సెన్సర్లు పెట్టి, ఇంటి వాడకం పెరిగితే చార్జింగ్ తగ్గించే రకాలు ఉన్నాయి, ఎంపోరియా, వాల్‌బాక్స్ లాంటివాళ్లు అమ్ముతున్నారు. డ్రైయర్ సాకెట్‌ని కారుతో పంచుకునే పెట్టెలూ ఉన్నాయి, డ్రైయర్ నడుస్తుంటే కారుకి ఆపేస్తాయి. రోజుకి ముప్ఫై మైళ్లు దాటనివాళ్లకైతే మామూలు ప్లగ్గే సరిపోతుంది, అది విడి సర్క్యూట్ మీద మంచి స్థితిలో ఉంటే. కానీ మీ ప్యానెల్ ఫెడరల్ పసిఫిక్ పాతరకమో, జిన్స్‌కోనో అయితే చార్జర్ సంగతి పక్కన పెట్టి ముందు దాన్ని మార్పించండి. ఆపద వచ్చినప్పుడు ట్రిప్ అయి కరెంటు ఆపాల్సిన బ్రేకర్ ఆపకపోవచ్చని వాటికి పేరు.

ఆ పెద్దాయన గోడకి రంధ్రం పెట్టేముందు నన్ను కారు బయటికి తీసి, రోజూ పెట్టినట్టే మళ్లీ పెట్టమన్నాడు. నేను ముందుకే నడిపి పెడతాను, చార్జింగ్ మూత ఎడమవైపు వెనక దీపం దగ్గర. నేననుకున్న చోట, ప్యానెల్‌కి దగ్గరగా ఎదురు గోడ మీద బిగిస్తే రోజూ కేబుల్ కారు పొడవునా ఈడ్చుకెళ్లాలి. ఎడమ గోడకి, గరాజ్ తలుపు పక్కన పెట్టించాడు. పైపు పన్నెండు అడుగులు పెరిగింది, దానికి వేరే డబ్బు తీసుకోలేదు. ఇప్పుడు కారు దిగి రెండడుగులు వేస్తే చేతికి అందుతుంది.