మహారాణిపేట ఎకో సెంటర్: వాల్వ్ రెక్కలు లెక్కపెట్టి మరీ చెప్పారు

నాలుగు స్టార్లే ఇస్తున్నా, ఐదోది పార్కింగ్‌కి పోయింది. కేజీహెచ్ చుట్టుపక్కల పొద్దున పదింటికి కారు పెట్టుకోవడం ఎంత నరకమో వైజాగ్ వాళ్లకి చెప్పక్కర్లేదు, గాజువాక వైపు నుంచి వచ్చేవాళ్లు ఆటోలో రావడమే నయం.

పనిలో మాత్రం వంక పెట్టలేను. మా అక్కకి మెట్లెక్కితే ఆయాసం. ఇంతకుముందు వేరేచోట తీయించిన ఎకోలో, అంటే గుండె స్కాన్‌లో, అయోర్టిక్ వాల్వ్ (గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలో ఉండే కవాటం) లీక్ అని ఒక్క ముక్క రాసిచ్చారు, ఎందుకు లీకవుతోందంటే చిన్నప్పటి రుమాటిక్ జ్వరం వల్లేమో అన్నారు, అలాంటి జ్వరం వచ్చినట్టు మా అమ్మకే గుర్తులేదు. ఇక్కడ కార్డియాలజిస్టే ప్రోబ్ పట్టుకుని ఒకే వ్యూ దగ్గర చాలాసేపు ఆగారు. మామూలుగా ఆ వాల్వ్‌కి మూడు రెక్కలు, మూసుకున్నప్పుడు స్క్రీన్ మీద బెంజ్ కారు గుర్తులా కనిపిస్తాయట. అక్కకి ఇంటూ గుర్తు కనిపించింది, అంటే నాలుగు రెక్కలు! క్వాడ్రికస్పిడ్ వాల్వ్ అంటారు, పుట్టుకతో వచ్చేదే. రెండు రెక్కల వాల్వ్ అయితే వందలో ఒకరిద్దరికి ఉంటుంది, ఇది చాలా చాలా అరుదు. చిన్నతనంలో ఇబ్బంది పెట్టదు కాబట్టి ఎక్కువమందికి 40, 50 ఏళ్లు వచ్చి లీక్ ముదిరాకే బయటపడుతుంది.

అంతటితో తేల్చేయకుండా టీఈఈ రాశారు. గొంతులోంచి ట్యూబ్ దింపి గుండె వెనక నుంచి చూసే ఎకో అది. 6 గంటలు ఏమీ తినకూడదు, గొంతు మొద్దుబారే స్ప్రే కొడతారు, డోకు వస్తుంది, ఆ మొద్దు వదిలేదాకా మంచినీళ్లు కూడా తాగనివ్వరు. మత్తిస్తారు కాబట్టి తోడు ఒకరుండాలి. మూడు రెక్కలు సమానంగా, నాలుగోది చిన్నగా కనిపించాయి. వీటిని 1973లో హర్విట్జ్, రాబర్ట్స్ అనేవాళ్లు ఏ నుంచి జీ దాకా ఏడు రకాలు చేశారట, అక్కది బీ. రిపోర్టులో ఆ మాట రాసి, లీక్ ఎంత, ఎడమ వెంట్రికిల్ (గుండెలో ఎడమవైపు కింది గది) సైజు ఎంత అన్నీ అంకెలతో ఇచ్చారు. ఇలాంటివాళ్లలో కొందరికి గుండెకి రక్తం అందించే కరోనరీ రక్తనాళాలు కూడా మామూలు చోట మొదలవ్వవు, అందుకని సీటీ తీయించుకోమన్నారు, అదీ ఎక్కడైనా సరే అన్నారు, మా దగ్గరే అనలేదు.

వీడియో క్లిప్పులు మాత్రం అడిగితేనే ఇస్తారు. అడిగి తీసుకోండి, రేపు ఆపరేషన్ మాటొస్తే సర్జన్ అవే చూపించమంటారు. పెన్‌డ్రైవ్ తీసుకెళ్లకండి, ఈ రోజుల్లో కూడా సీడీలోనే ఇస్తామంటున్నారు.