పళ్ళలో ఏమీ లేదట. మరి పీకిందేమిటి? జాగ్రత్త అమ్మా!

కోపంలో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదవండి. ఆ పళ్ళ క్లినిక్ పేరు ఇక్కడ పెట్టను. పెట్టక్కర్లేదు కూడా, పొద్దున్నే ఫోను తెరిస్తే 'ఉచిత పరీక్ష' అంటూ ముందు వాళ్ళే కనబడతారు కదా. నేనూ అలాగే వెళ్ళాను, ఉచితంగా.

సంగతి టూకీగా. నాకు 53. ఆరు నెలలుగా నాలుక కొసా, అంగిలీ మంట. పొగలు కక్కే టీ గుటుక్కున మింగేస్తే కాలుతుంది చూడండి, అలా రోజంతా. అద్దంలో చూస్తే పుండు లేదు, పొక్కు లేదు. లేవగానే బాగానే ఉంటుంది, పదింటికి మొదలై దీపాల వేళకి భరించలేనంత అవుతుంది. విచిత్రమేమిటంటే అన్నం తింటున్నంతసేపూ హాయి. చెయ్యి కడుక్కున్న పది నిమిషాలకి మళ్ళీ మొదలు. పైగా రూపాయి బిళ్ళ చప్పరిస్తున్నట్టు నోరంతా ఒకటే చేదు.

ఇదంతా మొదటి రోజే ఆ డాక్టరుబాబుకి చెప్పాను. విన్నాడో లేదో. ఎక్స్‌రే తీసి, "కింద రెండు పళ్ళు డౌటుగా ఉన్నాయి ఆంటీ, లోపల ఇన్ఫెక్షన్ దాగుంది, వదిలేస్తే ఏమైనా కావచ్చు" అన్నాడు. ఆ 'ఏమైనా' దగ్గర నేను పడిపోయాను. మా అమ్మమ్మది శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు. అక్కడి ముసలమ్మలు చాలామంది లాగే అడ్డపొగ తాగేది, అంటే చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని. చివరికి అంగిట్లో పుండు లేచి అదే క్యాన్సరై పోయింది. చిన్నప్పుడు చూసిన ఆ నోరు ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంటుంది. మంట మొదలయ్యాక రాత్రిళ్ళు ఫోను టార్చి వేసుకుని బాత్రూం అద్దంలో నాలుక తిప్పి తిప్పి చూసుకునేదాన్ని, మా ఆయన వచ్చి లైటు ఆర్పేదాకా. అలాంటిదాన్ని పట్టుకుని 'ఏమైనా కావచ్చు' అంటే ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టనూ? పెట్టాను. ప్యాకేజీ రూ.68,000, 12 నెలల ఈఎంఐ. రెండు పళ్ళు పీకేశారు. పక్కదానికి రూట్ కెనాల్, దాని నెత్తిన క్యాపు. 28 ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పాను, ఇది ఎందుకు, అది ఎందుకు అని ఒక్క ప్రశ్న అడగలేదు. నా తెలివికి దండ వెయ్యాలి.

మంట ఇసుమంత కూడా తగ్గలేదు.

మొన్న శనివారం మళ్ళీ వెళ్ళాను. గంటన్నర కూర్చోబెట్టారు. లోపలికి పిలిచాక ఆయన కుర్చీలోంచి లేవలేదు, నన్ను నోరు తెరవమని కూడా అనలేదు. ఒక చేతికి గ్లోవు, ఇంకో చేతిలో ఫోను. ఎదురుగా స్క్రీను మీద ఉన్నది ఆ మొదటి రోజు ఎక్స్‌రేనే. దాన్ని చూస్తూ, "మీ పళ్ళలో ఏమీ లేదు ఆంటీ, అంతా మీ మైండ్‌లోనే ఉంది. ఈ వయసులో లేడీస్‌కి మామూలే. సైకియాట్రిస్టుకి చూపించుకోండి" అన్నాడు. అని, పక్కనున్న అసిస్టెంటు పిల్ల వైపు చూసి నవ్వాడు. ఆ పిల్లా నవ్వింది.

పళ్ళలో ఏమీ లేకపోతే మరి పీకిందేమిటి నాయనా? ఈ మాట అక్కడే అడగాల్సింది. గొంతు పెగల్లేదు. బస్సెక్కాక గుర్తొచ్చాయి అనాల్సినవన్నీ. మా ఆయన కౌంటర్ దగ్గర డబ్బు సంగతి అడిగితే, "ట్రీట్‌మెంట్ కంప్లీట్ అయింది సార్, రీఫండ్ ఉండదు, వెనకాల పేషెంట్లున్నారు" అట. ఎక్స్‌రే కాపీ అడిగితే సిస్టమ్ పనిచెయ్యట్లేదట. కార్డు గీకినప్పుడు మాత్రం భేషుగ్గా పనిచేసింది.

సోమవారం మా తోటికోడలు డెంటల్ కాలేజీకి లాక్కెళ్ళింది, ఓరల్ మెడిసిన్ అనే నోటి జబ్బుల విభాగానికి. అలాంటిదొకటుందని ఆ రోజుదాకా నాకు తెలియదు. అక్కడో పీజీ చదివే అమ్మాయి ముప్పావుగంట ప్రశ్నలడిగింది. లేవగానే ఎలా ఉంటుంది, తింటే తగ్గుతుందా, ఏ బీపీ మాత్ర వేసుకుంటున్నారు, ఏ పేస్టు వాడుతున్నారు. ఐరన్, బి12, షుగరు, థైరాయిడ్ పరీక్షలు రాసింది. వీటిల్లో ఏది తేడా వచ్చినా, నోట్లో ఫంగస్ ఉన్నా, కొన్ని రకాల బీపీ మాత్రల వల్లా ఇలా మండొచ్చట. నిన్న నా రిపోర్టులన్నీ నార్మల్‌గా వచ్చాయి. నోట్లో ఏమీ కనబడకుండా, రోజుకి 2 గంటలకి పైగా, 3 నెలలు దాటి మండుతుంటే, వేరే కారణం ఏదీ తేలకపోతే, దాన్ని బర్నింగ్ మౌత్ సిండ్రోమ్ అంటారట. ముట్లు ఆగిపోయిన ఆడవాళ్ళలో ఎక్కువట. నాలుక పైపొరలో ఉండే సన్నని నరాల కొసలు చాలామందిలో పలచబడి ఉంటాయట, నిప్పు లేకుండానే కాలుతున్నట్టు కబురు పంపుతాయట. అలాంటిదానికి పన్ను పీకితే ఏం లాభం?

తర్వాత, "నిద్ర పడుతోందా అమ్మా? దేని గురించైనా భయపడుతున్నారా?" అంది. అమ్మమ్మ సంగతి చెప్పి ఏడ్చేశాను. అప్పుడు గాజుగుడ్డతో నాలుక పట్టుకుని అటూ ఇటూ తిప్పి, వేళ్ళతో నొక్కి చూసి, "ఇక్కడ క్యాన్సర్ లేదు, ఇక రాత్రి అద్దం చూడకండి" అంది. భయం, నిద్రలేమి ఈ మంటని పెంచుతాయట, మంట మళ్ళీ వాటిని పెంచుతుందట, రెండింటికీ వైద్యం కావాలట. తనూ కౌన్సెలింగ్‌కే పంపింది, చూడండి. వెళ్తున్నాను, సిగ్గేం లేదు. నాలుక మీద 3 నిమిషాలు ఉంచుకుని ఉమ్మేసే మాత్ర ఒకటి నిన్న రాత్రి మొదలుపెట్టాను. పేరు అడగొద్దు, అలవాటు పడే రకమట, డాక్టరు చీటీ ఉండాలి. పూర్తిగా పోతుందని మాట ఇవ్వనని ముందే చెప్పింది. ఆ ముక్క విన్నాకే నాకు నమ్మకం కుదిరింది.

అన్నట్టు, మీకెవరికైనా ఇలా మండుతుంటే పన్ను పీకించుకునే ముందు ఎందుకు పీకుతున్నారో కాగితం మీద రాయించుకోండి, ఎక్స్‌రే ఆ రోజే తీసుకోండి, ఇంకో డాక్టరుకి చూపించండి. బీపీ మాత్రలు మాత్రం సొంతంగా మానెయ్యకండి. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను, ఫిర్యాదు రాసుకున్నారు. ఎక్స్‌రే ఇంకా ఇవ్వలేదు, రేపు మళ్ళీ వెళ్తున్నాం. ఈసారి నేనే అడుగుతాను.