జాలీబాయ్ దగ్గర తెల్లబడిన పగడాలు

అండమాన్‌లోని జాలీబాయ్ దీవికి వెళ్లాలంటే ముందుగా అటవీశాఖ పర్మిట్ తీసుకోవాలి. బోటెక్కే వండూర్ జెట్టీలో సంచులు తెరిచి చూస్తారు. వాడి పారేసే ప్లాస్టిక్ ఏదీ బోటెక్కదు. మా బోటులో కొందరు విసుక్కున్నారు గానీ, అండమాన్‌లో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఇదే. ఆ దీవిలో బస లేదు, కొట్లు లేవు. తిండి మనమే పట్టుకెళ్లాలి. వానాకాలంలో ఈ దీవిని మూసేసి రెడ్‌స్కిన్ అనే మరో దీవికి తీసుకెళ్తారు. పగడాలకు ఆ విరామం అవసరం.

మేం వెళ్లింది ఏప్రిల్ చివర్లో. అడుగున అద్దం ఉన్న బోటులోంచి కొమ్మలు కొమ్మలుగా పాలలాంటి తెలుపు కనబడగానే అందరూ ఫోన్లు తీశారు. నేనూ తీశాను. "అది అందం కాదండీ, నీళ్లు వేడెక్కి అలా అయింది" అన్నాడు బోటు నడిపే అతను. పగడానికి రంగూ, తిండిలో ఎక్కువ భాగమూ దాని ఒంట్లో ఉండే సన్నని నాచు నుంచే వస్తాయి. వేసవిలో మామూలుగా చేరే గరిష్ఠ వేడి కన్నా ఒక్క డిగ్రీ ఎక్కువై, వారాల తరబడి అలాగే ఉంటే పగడం ఆ నాచును బయటికి నెట్టేస్తుంది. అప్పుడు లోపలి సున్నపు ఎముక తెల్లగా కనబడుతుంది. అది ఇంకా బతికే ఉంటుంది. నీళ్లు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది, లేకపోతే ఆకలితో చస్తుంది. కాస్త ముందుకెళ్లాక చచ్చిపోయాక బూజు పట్టినట్టు గోధుమరంగు నాచు కప్పేసిన కొమ్మలు చూపించాడు. వాటి ఫొటో తీయబుద్ధి కాలేదు. అండమాన్‌లో 2010లోనూ, 2016లోనూ ఇలాగే పెద్ద ఎత్తున తెల్లబడ్డాయి.

హావ్‌లాక్ దీవిలోని ఎలిఫెంట్ బీచ్ మాత్రం నన్ను బాధపెట్టింది. నీళ్లు బాగున్నాయి, లైఫ్ జాకెట్లు శుభ్రంగా ఉన్నాయి. కానీ మేం బుక్ చేసుకున్న గైడ్ ఫొటో కోసం మనుషుల్ని పగడం మీదే నిలబెట్టాడు. వద్దంటే "చచ్చిపోయిందే కదా" అన్నాడు. చచ్చిన పగడపు దిబ్బ మీదే కొత్త పగడం పిల్లలు అతుక్కుని పెరుగుతాయి. నేను నీళ్లలోంచి బయటికొచ్చేశాను.

నీల్ దీవిలో బస చిన్న కాటేజీ. ఫ్యాను చప్పుడెక్కువ, కానీ తాగునీళ్లు మన సీసాలోనే నింపి ఇచ్చారు. అక్కడ సహజంగా ఏర్పడిన రాతి వంతెన, నేచురల్ బ్రిడ్జ్ దగ్గర, పోటు తగ్గి నీళ్లు వెనక్కెళ్లినప్పుడు నడుస్తారు. మా గైడ్ పగడం తొక్కకుండా ఉత్త రాయి మీదే అడుగు వేయించింది.

మీరు వెళ్తే, పగడాల మంచి కోసం, సన్‌స్క్రీన్ బదులు నిండు చేతుల స్విమ్ షర్ట్ వేసుకోండి. బుక్ చేసేముందు బోటును బోయాకు, అంటే బోట్లు కట్టుకోడానికి నీళ్లలో తేలే బుంగకు, కడతారా, లంగరు వేస్తారా అని అడగండి. లంగరు దిబ్బ మీద పడితే ఏళ్ల తరబడి పెరిగిన పగడం ఒక్క దెబ్బకి విరుగుతుంది. నేను అడిగినప్పుడు ఇద్దరు మాట దాటేశారు. మూడో అతను బోయా ఎక్కడుందో వేలితో చూపించాడు. మేం అతని బోటే ఎక్కాం.