జాగ్రత్త: మూడు దర్‌పత్రకాలు, దుకాణం మాత్రం ఒక్కటే

మహారాష్ట్రలోని సిరోంచ, అహేరి వైపు పంచాయతీలకు, బడులకు సామాను కొనే గ్రామసేవకులు, హెడ్‌మాస్టర్లు కాస్త చూసుకోండి. ధరలు పోల్చడానికి ముగ్గురు వేర్వేరు వ్యాపారుల నుంచి తీసుకునే దర్‌పత్రకాల (కొటేషన్ల) సంగతి ఇది. "మీరెందుకు తిరగడం సార్, మూడు దర్‌పత్రకాలూ నేనే తెచ్చిస్తా" అన్నాడంటే ఆ వ్యాపారి దగ్గర ఆగిపోవాల్సిందే. ఒకటి ఇక్కడి చిరునామాతో, ఒకటి గోదావరి అవతలి చిరునామాతో, ఇంకోటి ఇంట్లోవాళ్ల పేరుతో వస్తుంది. మూడింటి గల్లాపెట్టె ఒకటే.

లెటర్‌హెడ్ రంగులు వదిలేసి జీఎస్టీ నంబరు చదవండి. 15 అక్షరాలు. మొదటి 2 అంకెలు రాష్ట్రానివి: మహారాష్ట్రకు 27, తెలంగాణకు 36. తర్వాతి 10 అక్షరాలు పాన్. ఒకదాని మీద 27, ఇంకోదాని మీద 36 ఉన్నా నడుమ పది అక్షరాలు ఒకటే అయితే ఇద్దరూ ఒక్కరే. ఇంట్లోవాళ్ల పేరైతే పాన్ మారుతుంది కాబట్టి ఇది పట్టదు. అప్పుడు ధరలు చూడాలి. ఫ్యాన్ 1,800, 1,890, 1,980; బెంచీ 4,000, 4,200, 4,400. ప్రతి వరుసలోనూ సరిగ్గా 5 శాతం, 10 శాతం ఎక్కువ! నిజంగా ముగ్గురు ధర వేస్తే ఒకరికి ఫ్యాన్ చవక, ఇంకొకరికి బెంచీ చవక అవుతుంది. మూడింట్లోనూ ఒకే అక్షరదోషం ఉంటే ఇక చెప్పేదేముంది.

జీఎస్టీ పోర్టల్‌లో నంబరు కొడితే రిజిస్ట్రేషన్ రద్దయిందా, రెగ్యులరా, కాంపోజిషనా (చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) తెలుస్తుంది. కాంపోజిషన్ వ్యాపారి రాష్ట్రం దాటించి సరుకు అమ్మకూడదు, బిల్లులో పన్ను వసూలు చేయకూడదు. అంటే 36తో మొదలయ్యే కాంపోజిషన్ నంబరు మీద వచ్చిన దర్‌పత్రకం మన దగ్గర లెక్కలోకే రాదు.

ఆవక్ రిజిస్టర్ (వచ్చిన కాగితాలు నమోదు చేసే పుస్తకం) కూడా చూసుకోండి. మూడు కవర్లూ ఒకే పూట వరస నంబర్లతో ఎక్కి ఉంటే ఆడిటర్ వేలు మొదట అక్కడే పడుతుంది. రికవరీ పడేది సంతకం పెట్టినవాళ్ల మీద, వ్యాపారి మీద కాదు.

"బిల్లు రెండు ముక్కలు చేద్దాం, టెండర్ తప్పుతుంది" అనే సలహా కూడా ఆ వ్యాపారే ఇస్తాడు. ఒప్పుకోకండి. టెండర్ పిలవాల్సిన పరిమితి తప్పించుకోవడానికి కొనుగోలును ముక్కలు చేయకూడదని కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమావళి జీఎఫ్ఆర్ 2017లో 157వ నియమం. రాష్ట్ర నిబంధనలదీ అదే మాట. మీ పరిమితి ఎంతో తాజా జీఆర్ (ప్రభుత్వ ఉత్తర్వు) తీసి చూడండి, పాత జిరాక్స్ కాదు.

ఇలాంటి దర్‌పత్రకాలు ఇప్పటికే తీసుకుని ఉంటే తులనాత్మక తక్తా (ధరలు పోల్చే పట్టిక) మీద సంతకం పెట్టకండి. కారణం ఫైల్లో రాసి, మూడూ రద్దు చేసి, నోటీసు బోర్డు మీద పెట్టి మళ్లీ పిలవండి. పాత కాగితాలు చింపొద్దు, ఫైల్లోనే ఉండనివ్వండి.